మీ ప్రశ్న, డాక్టర్ జవాబు: ప్రింట్ చేసిన గొంతుల మీద చెయ్యి అలవాటు చేసుకుంటే

పోయిన సంచికలో ఎండోస్కోపీ (కెమెరా ఉన్న గొట్టం దూర్చి లోపల చూడటం) గురించి రాస్తూ, ఇప్పుడు కొన్ని ఆస్పత్రుల్లో జూనియర్ డాక్టర్లు త్రీడీ ప్రింటర్‌తో తయారుచేసిన గొంతు, పేగు, ఊపిరితిత్తుల గొట్టాల మోడళ్ళ మీద ప్రాక్టీస్ చేస్తున్నారని ఒక్క లైను రాశాను, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. అన్నిటికీ చోటు లేదు కాబట్టి ఐదు తీసుకున్నా.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి రెండేళ్ళు. సీతాఫలం తింటుంటే గింజ ఊపిరి గొట్టంలోకి పోయింది. ఒకటే దగ్గు, ఆయాసం, ఇక్కడ చూపిస్తే హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు, అక్కడ మత్తిచ్చి గొట్టం వేసి తీశారు, దేవుడి దయ వల్ల ఇప్పుడు బానే ఉన్నాడు. మేం వార్డులో ఉన్నప్పుడు పక్క గదిలో కుర్ర డాక్టర్లు ఒక రబ్బరు గొంతులో గొట్టం పెట్టి పల్లీ గింజ తీస్తూ కనిపించారు. మా బాబుకి చేసింది వీళ్ళేనా అని అప్పట్నుంచీ మనసు పీకుతోంది. బొమ్మల మీద నేర్చుకుని పసిపిల్లలకి చేసేస్తారా? ఎవరు చేస్తున్నారని మనం అడగొచ్చా?
– ఒక తల్లి, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: అమ్మా, బాబు కోలుకున్నాడు, అది చాలు. అడగొచ్చా అంటే తప్పకుండా అడగొచ్చు. సంతకం పెట్టించుకునేటప్పుడే "ఎవరు చేస్తారు, జూనియర్ చేస్తే పెద్ద డాక్టర్ పక్కనే ఉంటారా" అని అడగండి, అది మీ హక్కు, అడిగితే డాక్టర్‌కి కోపం వస్తుందేమో అని ఊరుకోవద్దు. టీచింగ్ ఆస్పత్రుల్లో జూనియర్లు చేస్తారు, సీనియర్ పక్కన నిలబడి చేయిస్తారు, చేయి దాటుతోందనిపిస్తే తనే తీసుకుంటారు. పద్ధతి ప్రకారం జరగాల్సింది అది.

ఇక ఆ పక్క గది సంగతి. అది చూసి మీకు భయం వేసింది గానీ, ఆ ఆస్పత్రిలో శ్రద్ధ ఉన్నవాళ్ళు ఎవరో ఉన్నారని నాకు అర్థమైంది. ఎందుకో చెప్తా. రెండేళ్ళ పిల్లాడి ఊపిరి గొట్టం వెడల్పు ఏడెనిమిది మిల్లీమీటర్లు, అంతే. లోపలికి పోయే గొట్టం దానికంటే కాస్తే సన్నం, పిల్లాడు ఊపిరి పీల్చాల్సిందీ ఆ దారిలోనే, మత్తు డాక్టర్ ఆక్సిజన్ ఇవ్వాల్సిందీ ఆ దారిలోనే. పల్లీ గింజ అయితే తడికి ఉబ్బుతుంది, గట్టిగా పట్టుకుంటే పిండిపిండి అవుతుంది, ముక్క జారి రెండో ఊపిరితిత్తిలో పడితే అప్పుడు రెండు వైపులా ఇబ్బందే. సీతాఫలం గింజ దీనికి పూర్తిగా వేరు, గట్టిగా నున్నగా ఉంటుంది, ఫోర్సెప్స్ (పొడవాటి పట్టుకారు) నోరు గింజ లావు భాగం దాటి అవతలికి వెళ్ళాక మూస్తేనే పట్టు దొరుకుతుంది, ముందే మూస్తే గింజ జారి ఇంకా లోపలికి పోతుంది.

పట్టు దొరికాక కూడా పని అయిపోలేదు. గింజని గొట్టం అంచుకి ఆనించి, గొట్టం, ఫోర్సెప్స్, గింజ మూడూ కలిపి ఒకేసారి బయటికి తీసుకురావాలి, స్వరపేటిక దగ్గర దారి ఇరుకు కాబట్టి అక్కడే గింజ ఊడిపోయే ప్రమాదం ఎక్కువ. ఊడి పెద్ద ఊపిరి గొట్టంలో అడ్డం పడి గాలి ఆడటం లేదంటే, కంగారుపడి బయటికి లాగబోకూడదు, దాన్ని మళ్ళీ కిందికి, ఒక ఊపిరితిత్తి వైపు తోసెయ్యాలి, రెండో వైపు గాలి ఆడుతుంది, బిడ్డ నిలదొక్కుకుంటాడు, అప్పుడు మళ్ళీ ప్రయత్నించొచ్చు. పుస్తకంలో ఇది ఒక్క వాక్యం. ఎదురుగా మానిటర్‌లో ఆక్సిజన్ పడిపోతుంటే, మిషన్ కూత పెడుతుంటే ఆ వాక్యం గుర్తు రావాలంటే చేతికి ముందే అలవాటై ఉండాలి. మీరు చూసిన ఆ కుర్రాళ్ళు పల్లీ గింజని నీళ్ళలో నానబెట్టి ఆ రబ్బరు గొట్టంలో వేసుకుని ఉంటారు, చితక్కుండా తీయడం నేర్చుకోవడానికి. మొదటి సారి చితికిపోయే గింజ ఆ రబ్బరు గొట్టంలోనే చితకాలి, మీ బాబు లాంటి బిడ్డ లోపల చితక్కూడదు, నేను ఈ మోడళ్ళ గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఇదే.

1897లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో గుస్తావ్ కిలియన్ అనే డాక్టర్ ఒక రైతు కుడి ఊపిరితిత్తి గొట్టంలో ఇరుక్కున్న పంది ఎముక ముక్కని ఇలా గొట్టం వేసి తీశాడు, ఈ వైద్యం మొదలైంది అక్కడే. అంతకుముందు ఇలాంటివి లోపల ఇరుక్కున్న వాళ్ళలో చాలామంది న్యుమోనియా వచ్చి పోయేవాళ్ళు.

ఇంకో మాట, ఇది అందరికీ. నాలుగైదేళ్ళు వచ్చేదాకా పిల్లలకి పల్లీలు, శనగలు గింజలుగా పెట్టకండి, సీతాఫలం గింజలు తీసి గుజ్జే పెట్టండి, చింతగింజలు చేతికి అందనివ్వకండి. ఏదైనా పోయిందని అనుమానం వస్తే నోట్లో వేలు పెట్టి గుడ్డిగా కెలక్కండి, గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి, వెంటనే బయల్దేరండి. పల్లీ గింజ మామూలు ఎక్స్‌రేలో కనపడదు, "ఎక్స్‌రే బానే ఉంది" అన్నారని ఇంటికి వచ్చేసి ఊరుకోవద్దు.

ప్రశ్న: సర్, నేను మెకానికల్ బీటెక్ ఫైనలియర్. మా దగ్గర మామూలు ఫిలమెంట్ (ప్లాస్టిక్ తీగ కరిగించే) త్రీడీ ప్రింటర్ ఉంది. మా ఊళ్ళో ఒక ఆస్పత్రి ఈఎన్‌టీ డాక్టర్ గారు ఊపిరి గొట్టం మోడల్ చేసివ్వమన్నారు. నెట్‌లో దొరికే ఫైల్ ప్రింట్ చేసిస్తే చాలా?
– కాకినాడ నుంచి ఒక విద్యార్థి

జవాబు: తమ్ముడూ, చాలదు. నెట్‌లో దొరికేవి ఎక్కువ పెద్దవాళ్ళవి, క్లాసులో చూపించడానికి చేసినవి. నువ్వు ముందు ఆ డాక్టర్ గారి దగ్గర కూర్చుని ఆయన జూనియర్లకి ఎక్కడ చెయ్యి ఆడటం లేదో కనుక్కో, మోడల్ ఆ ఒక్క చోటు కోసం చెయ్యి. మిగతాదంతా ఉత్త పైపు అయినా నష్టం లేదు.

మొదలు సీటీ స్కాన్‌తో. స్లైసులు, అంటే స్కాన్ పొరలు, ఒక మిల్లీమీటరో అంతకంటే పల్చగానో ఉండాలి, 5 మిల్లీమీటర్ల స్కాన్ ఇస్తే గోడలు మెట్లుమెట్లుగా వస్తాయి, చిన్న కొమ్మలు అసలు కనపడవు. ఆ ఫైళ్ళలోనే పేషెంట్ పేరు, వయసు, ఆస్పత్రి నంబరు దాగి ఉంటాయి, అవన్నీ ఆస్పత్రి వాళ్ళే తీసేసి నీకివ్వాలి, పెన్‌డ్రైవ్‌లో ఉన్నదున్నట్టు ఇస్తే తీసుకోకు. తల స్కాన్ అయితే పేరు తీసేసినా ముఖం తిరిగి కట్టెయ్యొచ్చు, దానికి ఇంకా జాగ్రత్త కావాలి. అనుమతి కాగితం మీద ఉండాలి, ఫోన్లో మాట సరిపోదు.

స్కాన్‌లోంచి ఊపిరి గొట్టాన్ని వేరు చేసి తీయడానికి త్రీడీ స్లైసర్, ఐటీకే స్నాప్ రెండూ ఫ్రీ సాఫ్ట్‌వేర్లు, ఏదైనా పర్లేదు. ఊపిరి గొట్టం నీకు తేలికే, లోపల గాలి ఉంటుంది కాబట్టి స్కాన్‌లో నల్లగా విడిగా కనిపిస్తుంది, పిత్తనాళం లాంటివైతే గీత గీతా చేత్తో గీసుకోవాల్సి వస్తుంది. కొత్తవాళ్ళు తడబడేది ఇక్కడ: నువ్వు వేరు చేసి తీసింది లోపలి ఖాళీని, గోడని కాదు. దాని బయట రెండు మిల్లీమీటర్ల మందం నువ్వు ఇవ్వాలి. బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో చెయ్యొచ్చు. నున్నగా చేసే టూల్ మరీ ఎక్కువ వాడితే గొట్టం సన్నబడిపోతుంది, స్కాన్‌లో కొలతతో మళ్ళీ సరిచూసుకో.

మెటీరియల్ దగ్గర నా మాట విను. పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో తీస్తే గట్టిగా వస్తుంది, దారి ఎటు, ఏ కొమ్మ ఎక్కడ అని నేర్చుకోడానికి అది బాగా పనికొస్తుంది, కిలో రీలు వెయ్యి రూపాయల అటూఇటూలో దొరుకుతుంది, ఎన్నైనా తీసుకోవచ్చు. కానీ స్కోపు గోడకి తగిలితే చేతికి తప్పుడు సమాచారం వస్తుంది. టీపీయూ అనే రబ్బరు లాంటి ప్లాస్టిక్ వంగుతుంది, అయితే బజారులో ఎక్కువగా దొరికే రకం మన ఫోన్ కవర్లకి వాడేదే, కండ కంటే చాలా బిరుసు. మెత్తగా కావాలంటే సిలికాన్‌కి పోవాల్సిందే, దానికి నీ మామూలు ప్రింటర్ చాలు. లోపలి ఖాళీ ఆకారాన్ని నీళ్ళలో కరిగే పీవీఏ ప్లాస్టిక్‌తో దిమ్మలా ప్రింట్ చెయ్యి, తడి స్పాంజితో పైన తుడిస్తే లేయర్ గీతలు కరిగి నున్నబడతాయి, ఇది వదిలెయ్యకు, వదిలితే ఆ గీతలన్నీ సిలికాన్ లోపలి వైపు అచ్చు పడి కెమెరాలో వలయాలు వలయాలుగా కనిపిస్తాయి, ప్రాక్టీస్ చేసే కుర్ర డాక్టర్‌కి ఏది నిజం గుర్తో ఏది నీ ప్రింటర్ గీతో తెలియదు. బాగా ఆరాక బ్రష్‌తో సిలికాన్ రెండు మూడు పూతలు వెయ్యి, గట్టిపడ్డాక గోరువెచ్చటి నీళ్ళలో పడేస్తే లోపలిది కరిగి పోతుంది, నీళ్ళు మారుస్తూ ఉండు, ఒక్కోసారి మర్నాటిదాకా పడుతుంది. ప్లాటినం రకం సిలికాన్ అయితే లేటెక్స్ గ్లౌజులు వేసుకుని ముట్టుకోకు, అందులోని గంధకానికి అది గట్టిపడకుండా జిగురుగా ఉండిపోతుంది, నైట్రైల్ గ్లౌజులు వాడు. ఎవరైనా రెజిన్ (వెలుగు తగిలితే గట్టిపడే ద్రవం) ప్రింటర్ మీద అచ్చు తీసిస్తామన్నా అంతే, సరిగ్గా కడిగి యూవీలో ఆరబెట్టని రెజిన్ తగిలినా సిలికాన్ పట్టదు, పైగా ఆ పచ్చి రెజిన్ చర్మానికీ స్కోపుకీ రెండిటికీ మంచిది కాదు.

చివరికి స్కోపు దూర్చేటప్పుడు సిలికాన్ పట్టేసుకుంటుంది, నీళ్ళ ఆధారం ఉన్న జెల్లీ రాయండి, సిలికాన్ ఆయిల్ వద్దు, మోడల్ ఉబ్బుతుంది. మొదటిది డాక్టర్ గారికి నచ్చదు, నచ్చకపోతే ఏది నచ్చలేదో రాయించుకో, ఆ కాగితమే రెండో మోడల్‌కి డిజైన్. ఇంకోటి, పేషెంట్లకి వాడే స్కోపు నీ మోడల్లో పెట్టనివ్వకు, వాళ్ళు పెడతామన్నా వద్దని చెప్పు.

ప్రశ్న: సర్, నేను జిల్లా కేంద్రంలో ఉన్న టీచింగ్ ఆస్పత్రిలో పీజీ చేస్తున్నా. ఎండోస్కోపీ నేర్చుకోవాలని ఉంది. మోడల్స్ కావాలని అడిగితే "ఓపీ నిండా పేషెంట్లుంటే బొమ్మలెందుకయ్యా" అంటున్నారు. పెద్ద కంప్యూటర్ సిమ్యులేటర్ కొనే స్తోమత మా కాలేజీకి లేదు. చవక మోడల్‌తో నిజంగా ఏమైనా వస్తుందా, లేక టైమ్ వేస్టా?
– పేరు వద్దన్న ఒక పీజీ డాక్టర్

జవాబు: మీ పైవాళ్ళ మాట నేను చాలాచోట్ల విన్నాను, నాకు అది ఎప్పుడూ మింగుడు పడలేదు. పేషెంట్లు ఎక్కువున్నారు కాబట్టే మోడల్ కావాలి. రద్దీ ఓపీలో సీనియర్‌కి మీ బొటనవేలు ఎక్కడుందో చూసే టైమ్ ఉండదు, మీరు తడబడే ప్రతి నిమిషం బల్ల మీద ఉన్న మనిషికి గొంతులో వాంతి, కడుపులో నొప్పి. డబ్బు లేక సర్కారీ ఆస్పత్రికి వచ్చినవాళ్ళే మన మొదటి తప్పులన్నీ భరించాలా?

ఏం వస్తుందని అడిగారు. స్కోపు పట్టుకోవడం వస్తుంది. వినడానికి చిన్నదిగా ఉంటుంది గానీ ఎడమ బొటనవేలితో పెద్ద చక్రం తిప్పితే కొన పైకీ కిందకీ, చిన్న చక్రంతో పక్కలకీ, చూపుడు వేలూ మధ్య వేలూ గాలి, నీళ్ళు, సక్షన్ బటన్ల మీద, కుడిచేత్తో స్కోపుని తోయడం, మెలితిప్పడం, ఇవన్నీ ఒకేసారి, కళ్ళేమో స్క్రీన్ మీద. ఇది ఆలోచించకుండా జరిగేదాకా పేషెంట్ దగ్గరికి పోకూడదని నా అభిప్రాయం. స్క్రీన్ మొత్తం ఒకే రంగు అయిపోయిందంటే లెన్స్ గోడకి ఆనుకుంది, అప్పుడు తోయకూడదు, వెనక్కి లాగాలి. కొత్తవాళ్ళందరూ తోస్తారు, పేగుకి చిల్లు పడే దారుల్లో అది ఒకటి. మోడల్ మీద వందసార్లు తోసి, వందసార్లు చీవాట్లు తిని, ఆ అలవాటు అక్కడే వదిలించుకోవచ్చు. కొలనోస్కోపీలో (పెద్దపేగు పరీక్షలో) అయితే సిగ్మాయిడ్ అనే పేగు వంపు దగ్గర స్కోపు లూప్ కడుతుంది, మీరు తోస్తుంటారు, కొన ముందుకు కదలదు, ఒక్కోసారి వెనక్కి కూడా వస్తుంది. పేగు మోడల్‌ని పెట్టెలో బిగించెయ్యకుండా ఎలాస్టిక్ తాళ్ళకి వేలాడదీస్తే ఆ లూప్ అచ్చంగా కడుతుంది, మూత తీసి చూస్తే మీ చెయ్యి చేసిన నిర్వాకం కళ్ళకి కనిపిస్తుంది, కుడివైపు మెలితిప్పుతూ వెనక్కి లాగితే విడిపోవడం కూడా కనిపిస్తుంది. పేషెంట్‌లో ఇది ఎవరూ మీకు చూపించలేరు.

ఏం రాదో కూడా చెప్పాలి. పేగు కదలికలు ఉండవు, ఊపిరి కదలిక ఉండదు, రక్తం, జిగురు, మలం ఉండవు, నొప్పికి మూలిగే మనిషి ఉండడు. ఈఆర్‌సీపీ (పిత్తనాళం, క్లోమనాళాల్లోకి వెళ్ళే ఎండోస్కోపీ) తీసుకోండి, పక్కకి చూసే స్కోపుతో డుయోడినంలో, అంటే చిన్నపేగు మొదట్లో ఉండే చిన్న బుడిపెలోకి సన్న వైరు ఎక్కించాలి, పిత్తనాళం గడియారంలో 11 గంటల వైపు, క్లోమనాళం ఒంటిగంట వైపు. పొరపాటున క్లోమంలోకి పదేపదే పోతే పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వస్తుంది, మంచి చేతుల్లో కూడా నూటికి మూడు నుంచి పదిమంది దాకా రావొచ్చని లెక్కలున్నాయి. ఆ 11 గంటల దిశ పట్టుకోవడం సిలికాన్ మోడల్ మీద చక్కగా నేర్చుకోవచ్చు, కానీ ఆ బుడిపెని కరెంటుతో కొయ్యడం నేర్చుకోలేరు, సిలికాన్‌లో కరెంటు పారదు. దానికి కొన్ని చోట్ల కోడి గుండెని బుడిపె స్థానంలో పెట్టి కోయిస్తారు, చికెన్ షాపులో దొరికేదే.

కాబట్టి మోడల్ మొదటి మెట్టు వరకే. అమెరికా జీర్ణకోశ ఎండోస్కోపీ సొసైటీ ఒక డాక్టర్‌కి చేతనైందా లేదా అని అంచనా వేయడానికే ముందు కనీసం 275 కొలనోస్కోపీలు, 200 ఈఆర్‌సీపీలు చేసి ఉండాలంటుంది. ఆ లెక్క మోడళ్ళతో తీరదు, పేషెంట్ల మీద, సీనియర్ పక్కనుండగా తీరాలి. సిమ్యులేటర్ల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసినా తేలింది ఇదే, శిక్షణ తొలి దశలో బాగా పనికొస్తాయి, అసలు శిక్షణకి బదులు కావు. ఒక్క షరతు ఉంది, పక్కన చెప్పేవాళ్ళు ఉండాలి. ఎవరూ చూడకుండా ఒంటరిగా మోడల్‌తో ఆడుకుంటే తప్పు చెయ్యడమే గట్టిగా అలవాటవుతుంది. వారానికి ఒక గంట ఒక సీనియర్‌ని కూర్చోబెట్టుకోండి, ఆ గంట ప్రింటర్ కంటే విలువైనది.

హైదరాబాద్‌లో నాగేశ్వర్ రెడ్డి గారి ఏఐజీ ఆస్పత్రికి దేశవిదేశాల నుంచి ఎండోస్కోపీ నేర్చుకోవడానికి డాక్టర్లు వస్తారు, మన ఊరికి అంత పేరుంది. అదే మన తెలుగు రాష్ట్రాల్లో ఆదిలాబాద్‌లోనో ఒంగోలులోనో చదివే పీజీ, స్కోపు పట్టుకోవడం కూడా సరాసరి మనిషి మీదే మొదలుపెట్టాల్సి రావడం నాకు బాధ. 2019లో కొత్త ఎంబీబీఎస్ సిలబస్ వచ్చాక స్కిల్ ల్యాబ్ అనే ప్రాక్టీస్ గది అయితే కాలేజీల్లోకి వచ్చింది. మీ కాలేజీలో ఆ గది తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి, ముందు ఆ తాళం తీయించండి.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని, మా ఆవిడా నేనూ మెడికల్ కాలేజీకి దేహదానం రాసిచ్చాం. ఇప్పుడు అవయవాలన్నీ మిషన్ మీద ప్రింట్ చేస్తున్నారంటే ఇక మా శరీరాలు అవసరం లేదా?
– రాజమండ్రి

జవాబు: మాస్టారూ, అవసరమే, దయచేసి వెనక్కి తీసుకోకండి. ప్రింటర్ ఇచ్చేది ఒక స్కాన్‌లో కనిపించిన ఆకారం. నరం ఎక్కడ ఏ పొర కింద నుంచి వెళ్తుందో, మనిషికీ మనిషికీ ఎంత తేడా ఉంటుందో నేర్పేది మీలాంటివాళ్ళు ఇచ్చిన దేహమే. పాడవకుండా ఫార్మలిన్ మందులో ఉంచిన శరీరం బిరుసెక్కుతుంది కాబట్టి స్కోపు ప్రాక్టీసుకి మోడల్ మెరుగు, కోసి చూసి నేర్చుకోవడానికి దేహానికి సాటి లేదు. మీ ఇద్దరికీ నా నమస్కారం.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. మేం చదివిన మెడికల్ కాలేజీకి మా బ్యాచ్ వాళ్ళం డబ్బు పోగేసి సిమ్యులేషన్ (మోడళ్ళ మీద ప్రాక్టీస్) కోసం ఇద్దామనుకుంటున్నాం. మంచి త్రీడీ ప్రింటర్ ఒకటి కొనిస్తే బావుంటుందా?
– డాలస్, అమెరికా

జవాబు: డాక్టర్ గారూ, మంచి ఆలోచన, కానీ ప్రింటర్ దగ్గర ఆగకండి. మామూలు ప్రింటర్ పాతిక ముప్పై వేలకి ఇక్కడే దొరుకుతుంది, డబ్బు అయ్యేది మిగతా వాటికి. ప్రింటర్ నడిపే మనిషికి జీతం కావాలి, కనీసం రెండేళ్ళది ముందే పక్కన పెట్టండి, అది లేకపోతే మీ మిషన్ మీద దుమ్మే. సిలికాన్, ఫిలమెంట్, జెల్లీ అయిపోతుంటాయి, వాటికి ఏడాదికింత అని ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, ప్రాక్టీసుకే కేటాయించిన స్కోపు కావాలి, రిటైరైన పాతదైనా సరే, డేటు దాటిన, వాడని డిస్పోజబుల్ బ్రాంకోస్కోపులు (ఊపిరి గొట్టంలోకి వేసే స్కోపులు) మీ అమెరికా ఆస్పత్రుల్లో పారేస్తుంటారు, శిక్షణకి అవి దివ్యంగా సరిపోతాయి, పంపేముందు కస్టమ్స్ కాగితాలు చూసుకోండి, వచ్చాక వాటి మీద "పేషెంట్లకి వాడరాదు" అని చెరిగిపోని ఇంకుతో పెద్దగా రాయించండి.

డబ్బు పంపేముందు మీ కాలేజీ గ్యాస్ట్రో, ఈఎన్‌టీ, పల్మనరీ, అనస్తీషియా వాళ్ళని ఒకే కాల్‌లో కూర్చోబెట్టి "మీ పీజీలు ఏ పనిలో ఎక్కువ తడబడుతున్నారు, వారానికి ఒక గంట నేర్పడానికి మీలో ఎవరు పేరిస్తారు" అని రెండే అడగండి. పేరిచ్చిన డిపార్ట్‌మెంట్‌కే మొదటి మోడల్ చేయించండి. ఎవరూ పేరివ్వకపోతే డబ్బు ఈ ఏడాదికి మీ దగ్గరే ఉంచి నాకు రాయండి, పక్క జిల్లాల్లో నేర్పడానికి సిద్ధంగా ఉండి, చేతిలో మోడల్ లేక ఎదురుచూస్తున్న వాళ్ళు నాకు తెలుసు, కలుపుతాను.